సమస్యాపూరణం: పొయ్యి నార్పిన పిదపనే పోర్కు మగ్గె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య పైన ఇచ్చిన తేటగీతి పాదం. అది చివర వచ్చేలా మిగతా మూడు పాదాలూ మీరు రాయాలి. ఎముక తీసిన, ఒకటిన్నర అంగుళం మందం పోర్కు చాప్స్ (పంది నడుం భాగపు ముక్కలు) మీద. మంట లేకుండా మగ్గడమేమిటన్నదే చిక్కు. విప్పండి.

ఉప్పుకారం:
మందమైనట్టి ముక్కను మాడకుండ
నూనె పూసిన పెనముపై నొప్పఁ గాల్చి
దించి మూతను బెట్టితిఁ దినక యాగి
పొయ్యి నార్పిన పిదపనే పోర్కు మగ్గె

నిర్వాహకుడు: ధార బాగుంది, యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడాల్సిన జత అక్షరాలు) కుదిరాయి. ‘తినక యాగి’ దగ్గర నవ్వొచ్చింది. కిటుకంతా ఆ ఆగడంలోనే ఉంది. కానీ ఎప్పుడు దించాలో పద్యం చెప్పదు. నడుం భాగపు ముక్కలో కొవ్వు తక్కువ. కాస్త వేడి మించిందా, చెక్కముక్కే.

గరిటె కవి: ఆ లోటు తీర్చే ప్రయత్నం. ‘సూది’ అంటే ముక్కలో గుచ్చే థర్మామీటరు, ‘అరువది’ సెల్సియస్ డిగ్రీలు, ‘రేకు’ అల్యూమినియం ఫాయిల్.
సూది గుచ్చఁగ నరువది చూపినంత
పెనము దించితి, రేకులోఁ బెట్టి చుట్టి
మూడు డిగ్రీలు పైకెక్కె ముచ్చటగను
పొయ్యి నార్పిన పిదపనే పోర్కు మగ్గె

నిర్వాహకుడు: ‘ముచ్చటగా మూడు’ డిగ్రీలకు అతకడం ఈ వారం మెరుపు! లెక్కా సరిపోయింది. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో పాత 71 డిగ్రీల సూచనను 63 సెల్సియస్‌కు దించి, ఆపైన 3 నిమిషాలు ఆగమంది. ఆ వేడి అందాక లోపల లేత గులాబి రంగున్నా భయం లేదు. ‘చుట్టి’ మాత్రం వద్దండీ. రేకు బిగించి చుడితే ఆవిరికి పైపొర మెత్తబడిపోతుంది. ‘పెనము దించి పై రేకును బెట్టినాఁడ’ అంటే గణాలూ యతీ చెడవు.

చిట్టిచెంబు: నాది 200 డిగ్రీల ఓవెన్ దారి.
ఉప్పు నీటను నానిచి తడిని తుడిచి
పెనముపైఁ గాల్చి దానితోఁ బెట్టినాఁడ
నోవనునఁ గొన్ని నిముసము లుండునట్లు
పొయ్యి నార్పిన పిదపనే పోర్కు మగ్గె

గరిటె కవి: ఓవెనూ పొయ్యే కదండీ! విరోధం తీరినట్టేనా?

నిర్వాహకుడు: పెనం కిందది పొయ్యి, పెనం వెళ్లింది ఓవెన్‌లోకి. నాకు చాలు. మొదటి పాదంలో మాత్రం యతి భంగం: ‘ఉ’కు ‘త’తో మైత్రి లేదు. ‘నానిచి యొత్తి తుడిచి’ అనండి. పని కూడా సరిగ్గా చెప్పినట్టవుతుంది, ఎందుకంటే పైన తడి మిగిలితే ముక్క ఎర్రగా కాలదు, ఆవిరికి ఉడికి పాలిపోతుంది. ఉప్పునీరు లీటరుకు 50 గ్రాముల పాళ్లలో, అరగంట నుంచి రెండు గంటలు.

చిట్టిచెంబు: మీ సవరణే ఉంచుతాను. పెనం పిడి ప్లాస్టిక్‌దైతే ఓవెన్‌లోకి పనికిరాదన్న మాట నాలుగు పాదాల్లో ఇమడలేదు.