తొలి సన్నివేశంలోనే శవం పడాలా? థ్రిల్లర్ ప్రారంభాలపై ఒక చర్చ

శబ్దగ్రాహి (సాలిగ్రామం):

గత ఆదివారం చెన్నైలోని సాలిగ్రామంలో ఒక మిత్రుడి ఇంట్లో తెలుగువాళ్లం ఎనిమిది మందిమి కూర్చుని, ఈ మధ్య వచ్చిన ఆరు థ్రిల్లర్ల మొదటి పది నిమిషాలను మాత్రమే వరుసగా చూశాము. వాటిలో ఐదు ఒకే తీరున మొదలయ్యాయి. చీకట్లో వాన కురుస్తుంటుంది, ఎవరో పరుగెత్తుతుంటారు, హంతకుడి ముఖం కాకుండా బూట్లు మాత్రం కనిపిస్తాయి, ఒక కేక వినిపిస్తుంది, ఆ వెంటనే పెద్ద మోతతో టైటిల్ పడుతుంది. ఆ ఐదింటిలో రెండు సినిమాలైతే ఆ ముక్కను పతాక సన్నివేశం నుంచే కోసి తెచ్చి ముందు అతికించి, దాని తరువాత "మూడు రోజుల ముందు" అని అక్షరాలు వేశాయి. పదేళ్లుగా సౌండ్ ఎడిటింగ్‌లో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ పద్ధతి నాకు కొత్త కాదు. అయినా అన్నింటినీ ఒక్క పూటలో చూసేసరికి మనసు కష్టపెట్టుకున్నాను.

థ్రిల్లర్ హత్యతోనే మొదలు కావాలన్న నమ్మకం నిలబడుతుందా అన్నది నా ప్రశ్న. నిలబడదనే నా అభిప్రాయం. ప్రారంభం చేయవలసిన పని ప్రేక్షకుణ్ణి ఉలిక్కిపడేలా చేయడం కాదు, పాత్రకు తెలియని సంగతి ఒకటి అతనికి తెలియజేసి, తెలిసీ ఏమీ చేయలేని స్థితిలో కూర్చోబెట్టడం. దర్శకుడు హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోతో జరిపిన సంభాషణల్లో ఈ తేడాను బాంబు ఉదాహరణతో వివరించాడు. ఇద్దరు మాట్లాడుకుంటున్న బల్ల కింద బాంబు ఉందని మనకు తెలియకుండా అది పేలితే మనకు దక్కేది 15 సెకన్ల ఉలికిపాటు. ముందే తెలిస్తే అదే మామూలు సంభాషణ 15 నిమిషాల ఉత్కంఠ అవుతుంది.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ 1931లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన జర్మన్ సినిమా 'ఎం'. అది ఆయన తొలి శబ్ద చిత్రం. పెరట్లో పిల్లలు గుండ్రంగా నిలబడి, నల్లటి మనిషి వస్తాడంటూ పంటలు వేసుకునే పాటతో సినిమా మొదలవుతుంది. ఒక తల్లి బట్టలు ఉతుకుతూ గడియారం వంక చూసి, కూతురికి భోజనం బల్ల మీద పళ్లెం పెడుతుంది. బడి నుంచి వస్తున్న ఆ పిల్ల తన బంతిని ఒక స్తంభానికేసి కొడుతుంది. ఆ స్తంభం మీద హంతకుణ్ణి పట్టిస్తే బహుమతి ఇస్తామన్న ప్రకటన ఉంటుంది. ఆ ప్రకటన మీద ఒక మనిషి నీడ పడుతుంది. అతను ఈల వేస్తూ ఆమెకు బెలూన్ కొనిపెడతాడు. ఆ తరువాత తల్లి పిల్లను పేరు పెట్టి పిలుస్తుంటే మనకు కనిపించేవి ఖాళీ మెట్లు, బట్టలు ఆరవేసిన అటక, ఎవరూ తాకని పళ్లెం, గడ్డిలో దొర్లి ఆగే బంతి, తీగల్లో చిక్కుకున్న బెలూన్. హత్య జరిగిపోయింది, కానీ తెర మీద ఒక్క దెబ్బ లేదు. పైగా ఆ ఈల అలంకారం కోసం పెట్టింది కాదు. బెలూన్ అమ్మిన గుడ్డివాడు తరువాత అతన్ని గుర్తుపట్టేది ఆ ఈలను బట్టే. తొలి సన్నివేశంలో విన్న శబ్దం కథలో సాక్ష్యంగా తిరిగి వచ్చింది.

మన ఐదు సినిమాల్లో వినిపించిన ఆ మోత తరువాత కథలో ఎక్కడైనా తిరిగి వస్తుందా? రాదు. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది.

చివరి వరుస (పెరంబూరు):

శబ్దగ్రాహి గారూ, మీరు చెప్పిన జర్మన్ సినిమా ప్రారంభం ఎంత గొప్పదో నాకూ తెలుసు. అయితే మీరు మిత్రుడి ఇంట్లో, తలుపులు వేసుకుని, ఎనిమిది మంది నిశ్శబ్దంగా కూర్చుని చూశారు. నేను ముప్పై ఏళ్లుగా హాల్లో చూస్తున్నాను. పొగాకు వ్యతిరేక ప్రకటన, వాణిజ్య ప్రకటనలు అయిపోయి సినిమా మొదలయ్యే సమయానికి సగం మంది సెల్‌ఫోన్ వెలుతురులో సీటు నంబరు వెతుక్కుంటూ ఉంటారు. వాళ్లను దాటుకుని తెర వైపు చూడాలంటే తెర మీద బలమైనదేదో ఉండాలి. 1960లో 'సైకో' విడుదలైనప్పుడు సినిమా మొదలైన తరువాత ఎవరినీ లోపలికి రానివ్వవద్దని హిచ్‌కాక్ హాళ్లకు నియమం పెట్టించవలసి వచ్చింది. మన దర్శకులకు ఆ అధికారం లేదు కాబట్టి వాళ్లు కేకతో మొదలుపెడుతున్నారు. దాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇంకొక మాట. చావుతో మొదలుపెట్టినంత మాత్రాన సన్నివేశం చవకబారుది అయిపోదు. 1975 నాటి 'జాస్' రాత్రి పూట సముద్రంలో ఈతకు దిగిన యువతి మరణంతోనే మొదలవుతుంది. అక్కడ సొరచేప కనిపించదు. నీటి పైభాగాన ఆమె శరీరం ఒక పక్కకు, మళ్లీ ఇంకో పక్కకు ఈడ్చుకుపోవడం మాత్రమే కనిపిస్తుంది, ఒడ్డున ఆమెతో వచ్చినవాడు మత్తులో పడి ఉంటాడు. ఆ చావు చూసి ఉండకపోతే తరువాత పగటి వెలుగులో పిల్లలు నీళ్లలో ఆడుకునే దృశ్యం మనకు ఒట్టి వేసవి సెలవుల దృశ్యమే. మీరు కోరుకుంటున్న "తెలిసీ ఏమీ చేయలేని స్థితి" అక్కడ ఆ మొదటి చావు వల్లనే వచ్చింది.

మూవియోలా (కోడంబాక్కం):

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది కాబట్టి ఎడిటింగ్ గదిలో నేను చూసిన రెండు సంగతులు చెబుతాను. తెలుగు సినిమాలు ఇంకా మద్రాసులోనే తయారవుతున్న కాలంలో, నేను సహాయకుడిగా ఫిల్మ్ ముక్కలను అంటించే పని నేర్చుకున్నాను.

మొదటిది 'టచ్ ఆఫ్ ఈవిల్' ప్రారంభం. ఆర్సన్ వెల్స్ 1958లో తీసిన ఈ సినిమాలో తొలి షాట్ సుమారు 3 నిమిషాల 20 సెకన్లు కత్తెర పడకుండా సాగుతుంది. మా 35 ఎం.ఎం. లెక్కలో సెకనుకు 24 ఫ్రేములు, అడుగుకు 16 ఫ్రేములు, అంటే ఆ ఒక్క షాటే మూడు వందల అడుగుల పొడవు. ఒక చేయి టైం బాంబు ముల్లు తిప్పి, కారు డిక్కీలో పెట్టడం మనం చూస్తాము. తరువాత క్రేన్ పైకి లేచి ఇళ్ల కప్పుల మీదుగా ఆ కారును అనుసరిస్తుంది. సరిహద్దు ఊరి వీధిలో నడుస్తున్న కొత్త దంపతులు ఆ కారుకు ఒకసారి ముందు, ఒకసారి వెనుక, ఒకసారి పక్కన ఉంటారు. కట్ లేకపోవడంలో గొప్పతనం కెమెరా పనితనంలో ఉందని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అసలు కారణం వేరు. కట్ చేస్తే కాలాన్ని మనం సాగదీయవచ్చు, కుదించవచ్చు. ఆ సంగతి ప్రేక్షకుడికి చెప్పకపోయినా తెలుసు. కట్ లేదు కాబట్టి బాంబులో తిరుగుతున్న కాలమూ, తన చేతి గడియారంలో తిరుగుతున్న కాలమూ ఒకటేనని అతను నమ్మక తప్పదు. తొలి కట్ పడేది పేలుడు వినిపించిన తరువాతే.

దీనికి సంబంధించి శబ్దగ్రాహి గారికి నచ్చే సంగతి ఒకటి ఉంది. స్టూడియో ఆ షాట్ మీద టైటిల్ కార్డులనూ, హెన్రీ మాన్సినీ సంగీతాన్నీ వేసి విడుదల చేసింది. వెల్స్ తన అభ్యంతరాలను 58 పేజీల లేఖలో రాశాడు. ఆ లేఖను ఆధారం చేసుకుని 1998లో వాల్టర్ మర్చ్ మళ్లీ ఎడిట్ చేసినప్పుడు టైటిళ్లను తొలగించి, ఆ సంగీతం స్థానంలో వీధిలోని క్లబ్బుల పాటలను, కారు రేడియోను, మనుషుల సందడిని పెట్టాడు. రెండింటినీ పక్కపక్కన చూడండి. మొదటిదానిలో సంగీతం ఆపద ఉందని మనకు చెబుతూ ఉంటుంది. రెండవదానిలో కారు రేడియో దగ్గరైతే బాంబు దగ్గరైనట్టు, దూరమైతే బాంబు దూరమైనట్టు. ఒకే బొమ్మ, శబ్దం మారేసరికి ప్రేక్షకుడి చెవి కారును వెతకడం మొదలుపెడుతుంది.

రెండవది నా అనుభవం. సినిమా పేరు, మనుషుల పేర్లు చెప్పను. మేము పని చేసిన ఒక థ్రిల్లర్‌ను చూసిన పంపిణీదారు మొదటి రీలు చప్పగా ఉందన్నారు. పతాక సన్నివేశంలో నాయిక పాడుబడిన మిల్లులో పరుగెత్తే ఘట్టం నుంచి అరవై అడుగులు, అంటే నలభై సెకన్లు, డూప్ నెగటివ్ (నెగటివ్‌కు నకలు) తీయించి ముందు అతికించాము. డూప్ కావడం వల్ల గ్రెయిన్ (బొమ్మలో చుక్కల గరుకుదనం) పెరిగి, ఆ ముక్క వేరే సినిమాది లాగా కనిపించింది; అది చిన్న లోపం. పెద్ద లోపం హాల్లో తెలిసింది. సినిమా మధ్యలో నాయిక బావిలో పడే ఘట్టం ఉంది. ఆ ఘట్టం కోసం దర్శకుడు ఆరు రోజులు కష్టపడ్డాడు. హాల్లో ఎవరూ కంగారు పడలేదు, ఎందుకంటే ఆమె మిల్లు దాకా బతికే ఉంటుందని మేమే మొదటి నిమిషంలో చెప్పేశాము. చివరి ఉత్కంఠను ముందుకు తెస్తే మధ్యలో ఉన్నది ఖర్చయిపోతుంది. ఆ రోజు వెనుక నిలబడి చూసిన బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

వేళచ్చేరి రైలు:

మూవియోలా గారి అనుభవం చదివాక కూడా, తప్పు శవానిది కాదనే నాకు అనిపిస్తోంది. మన ఊళ్లోనే, ఏవీఎం సంస్థ నిర్మించగా ఎస్. బాలచందర్ దర్శకత్వం వహించిన తమిళ సినిమా 'అంద నాళ్' (1954) ఈ చర్చలో ఎవరికీ గుర్తు రాకపోవడం ఆశ్చర్యంగా ఉంది. 1943లో జపాన్ బాంబు పడిన మద్రాసులో జరిగే ఆ కథలో పాటలు లేవు, నృత్యాలు లేవు. ఆరంభంలోనే తుపాకీ పేలి, శివాజీ గణేశన్ పోషించిన రేడియో ఇంజనీరు చనిపోతాడు. పేరున్న కథానాయకుణ్ణి మొదటి నిమిషంలో చంపి, ఆ తరువాత ఐదుగురు అనుమానితుల కథనాల ద్వారా అతను ఎలాంటివాడో మనకు తెలియజేశారు. అక్కడ హత్య ఉలికిపాటు కోసం లేదు. ఆ శవం లేకపోతే ఆ ఐదుగురి మాటలకు విలువే లేదు.

ముందుకు వెళ్లి వెనక్కి రావడం కూడా ప్రతిసారీ నష్టం కాదు. (మలయాళ 'దృశ్యం' చూడనివారు ఈ పేరాను వదిలేయండి.) 2013లో వచ్చిన ఆ సినిమా పోలీస్ స్టేషన్‌లో కూర్చుని ఉన్న కథానాయకుడితో మొదలై గతంలోకి వెళుతుంది. ఆ దృశ్యంలో పరుగు లేదు, కేక లేదు, ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, అంతే. అతను అక్కడికి ఎందుకు వచ్చాడన్న ప్రశ్న ఒక్కటే మనతో ఉండి, ఆ తరువాత చాలాసేపు నడిచే మామూలు కుటుంబ జీవితాన్ని ఓపికగా చూడనిస్తుంది. చివరికి వచ్చేసరికి పోలీస్ స్టేషన్ అనే చోటుకే అర్థం మారిపోతుంది. మూవియోలా గారు అతికించిన నలభై సెకన్లు జవాబును ముందే ఇచ్చేశాయి. ఇది ప్రశ్నను మాత్రమే ఇచ్చింది.

నేను సినిమాలు ఎక్కువగా ఆఫీసుకు వెళుతూ వస్తూ రైల్లో ఫోన్ మీద చూస్తాను. చివరి వరుస గారు చెప్పిన హాలు సందడి కంటే నా రైలు సందడి ఎక్కువ. నన్ను పట్టి ఉంచేది కేక కాదు. కేక వినబడగానే నేను శబ్దం తగ్గిస్తాను, పక్కవారికి ఇబ్బంది అని. ఒక పాత్ర చేతిలో ఏముందో సరిగ్గా కనబడకపోతే మాత్రం ఫోన్‌ను కళ్లకు దగ్గరగా తెచ్చుకుంటాను.

చివరి వరుస:

అతికించిన ముక్క విషయంలో మూవియోలా గారితో ఏకీభవిస్తున్నాను. దాన్ని నేను సమర్థించలేదు, ఇక ముందూ సమర్థించను. హాలు విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. బంతి స్తంభానికి తగిలే చప్పుడు మా పెరంబూరు హాల్లో మొదటి ఐదు నిమిషాల్లో ఎవరికీ వినబడదు. వినబడని శబ్దం మీద కథను నిలబెట్టే దర్శకుడు, హాల్లో ఉన్న తన ప్రేక్షకుణ్ణి మరిచిపోయినట్టే.

శబ్దగ్రాహి:

'అంద నాళ్' విషయంలో నా పొరపాటు ఒప్పుకుంటున్నాను. తొలి సన్నివేశంలో శవం పడటమే తప్పన్నట్టు మాట్లాడిన నా ధోరణిని వెనక్కి తీసుకుంటున్నాను. చివరి వరుస గారు చెప్పిన 'జాస్' కూడా నా వాదనకు అనుకూలమే తప్ప వ్యతిరేకం కాదని ఇప్పుడు తోస్తోంది: ఆ యువతికి ఏం జరిగిందో మనకు తెలుసు, ఆమెను ఏది చంపిందో మనం చూడలేదు.

వినబడని శబ్దం గురించి మాత్రం నా వృత్తి తరఫున జవాబు చెప్పాలి. ఇప్పటి ప్రారంభాల్లో ఎక్కువగా వాడుతున్నది బాగా కింది స్థాయి మోత. అది పెద్ద హాల్లో ఛాతీకి తగులుతుంది. ఫోన్‌లోని చిన్న స్పీకర్ అంత కింది స్థాయి శబ్దాలను దాదాపు పలికించలేదు. కాబట్టి వేళచ్చేరి రైలు గారి ఫోన్‌లో స్పీకర్ మీద ఆ మోత దాదాపుగా లేనట్టే. బొమ్మ ఒంటరిగా మిగులుతుంది. మనిషి ఈల, తల్లి పిలుపు, నేల మీద కుర్చీ జరిగిన చప్పుడు మాత్రం ఎంత చిన్న స్పీకర్‌లోనైనా బతుకుతాయి. హాల్లో కూడా వాటిని వినిపించే మార్గం ఉంది: వాటికి ముందు రెండు మూడు సెకన్లు అన్ని శబ్దాలూ తగ్గించడం. సీటు వెతుక్కునేవాడు మోతకు తలెత్తడు, హఠాత్తుగా వచ్చిన నిశ్శబ్దానికి తలెత్తుతాడు. నేను మిక్సింగ్ గదిలో దీన్ని అడిగిన ప్రతిసారీ, శబ్దం పోయిందని ఫిర్యాదు వస్తుందన్న భయంతో నిర్మాతల వైపు నుంచి వద్దన్నారు.

వచ్చే ఆదివారం అదే ఇంట్లో, అవే ఆరు సినిమాలను తెర ఆపేసి చెవులతో మాత్రమే పది నిమిషాల చొప్పున విందాము. హత్య ఎవరు చేశారో కాదు, ఎక్కడ జరిగిందో ఎన్నింటిలో చెప్పగలమో రాసుకుందాము. చివరి వరుస గారు పెరంబూరు నుంచి రాగలిగితే, కిటికీలు తెరిచే ఉంచుతాను. వీధి సందడి కూడా లెక్కలోకి రావాలి.