గ్నోమ్‌లో ‘రీసెంట్’ జాబితా 3 రోజులకే పరిమితం చేయడం ఎలా?

ప్రశ్న:
ఉబుంటు 24.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్), గ్నోమ్ డెస్క్‌టాప్ (తెర మీద కిటికీలు, మెనూలు చూపే భాగం). ఆఫీసులో ఒకే లాగిన్ ముగ్గురం వాడతాం. రీసెంట్‌లో (ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితా) 3 రోజులకు మించిన ఫైళ్లు కనిపించకూడదు. సెట్టింగ్స్‌లో చూస్తే 1, 7, 30 రోజులు, లేదా ఎప్పటికీ అనే ఉన్నాయి. హోమ్‌లో .లోకల్/షేర్ కింద ఉండే రీసెంట్లీ-యూజ్డ్.ఎక్స్‌బెల్ అనే ఈ జాబితా ఫైల్ తీసేసినా కాసేపటికి పాత పేర్లు తిరిగొస్తున్నాయి. రీడ్-ఓన్లీ చేసినా అంతే. ఎందుకండీ?

జవాబు 1:
డీకాన్ఫ్ ఎడిటర్ (మామూలు సెట్టింగ్స్‌లో కనిపించని విలువలు మార్చే యాప్) ఇన్‌స్టాల్ చేసి ఆర్గ్ → గ్నోమ్ → డెస్క్‌టాప్ → ప్రైవసీకి వెళ్లండి. అక్కడ రీసెంట్-ఫైల్స్-మ్యాక్స్-ఏజ్ విలువ 3 పెట్టండి. -1 అంటే ఎప్పటికీ ఉంచమని.

మార్చగానే జాబితా తగ్గలేదని కంగారు పడకండి. ఏదో ఒక అప్లికేషన్ జాబితాలో కొత్త ఫైల్ రాసినప్పుడే పాతవి తెగిపోతాయి. వయసు లెక్కకు కూడా ఆ ఎంట్రీ చివరగా ఎప్పుడు అప్‌డేట్ అయిందన్నదే ఆధారం, ఫైల్‌ను ఎప్పుడు సేవ్ చేశారన్నది కాదు. పాత ఫైల్‌ను ఇవాళ తెరిస్తే మళ్లీ మూడు రోజులు ఉంటుంది.

జవాబు 2:
తిరిగి రావడానికి కారణం: తెరిచి ఉన్న జీటీకే (గ్నోమ్ అప్లికేషన్ల కిటికీలు, మెనూలు తయారుచేసే లైబ్రరీ) అప్లికేషన్ల మెమరీలో పాత జాబితా అలాగే ఉంటుంది. అందులో ఏదైనా కొత్త ఫైల్ నమోదు చేస్తే మొత్తం జాబితానే మళ్లీ రాసేస్తుంది. అందుకే చేత్తో డిలీట్ చేయకుండా సెట్టింగ్స్ → ప్రైవసీ అండ్ సెక్యూరిటీ → ఫైల్ హిస్టరీ అండ్ ట్రాష్‌లో ‘క్లియర్ హిస్టరీ’ నొక్కండి. డిలీటే చేయాలంటే ముందు అప్లికేషన్లన్నీ మూసేయండి.

రీడ్-ఓన్లీ పనిచేయకపోవడం సహజమే. జీటీకే ఉన్న ఫైల్‌లోకి రాయదు. పక్కన తాత్కాలిక ఫైల్ రాసి, దానికి ఈ పేరు పెడుతుంది. పేరు మార్చడానికి ఫోల్డర్‌లో రాసే అనుమతి చాలు, పాత ఫైల్ అనుమతులతో పనిలేదు. డెవ్-నల్‌కు (రాసినదంతా మాయమయ్యే ఉత్తుత్తి ఫైల్) సిమ్‌లింక్ (వేరే ఫైల్‌ను చూపే లింకు) పెట్టినా ఇదే గతి, లింకే మారిపోతుంది. జాబితా అసలే వద్దనుకుంటే జవాబు 1లో చెప్పిన డీకాన్ఫ్ ఎడిటర్ ప్రైవసీ పేజీలోనే రిమెంబర్-రీసెంట్-ఫైల్స్ ఆఫ్ చేయండి. ఫైల్‌తో కుస్తీ అనవసరం.

జవాబు 3:
ఒకే లాగిన్ కాబట్టి ఇంకోటి కూడా చూసుకోండి. లిబ్రెఆఫీస్, వీఎల్‌సీ తమ సొంత జాబితాలు విడిగా ఉంచుకుంటాయి, పై సెట్టింగ్ వాటిని తాకదు. వాటి మెనూల్లోనే క్లియర్ చేయాలి. ఫోటోల థంబ్‌నెయిల్స్ (చిన్న నమూనా బొమ్మలు) .క్యాష్/థంబ్‌నెయిల్స్‌లో మిగిలిపోతాయి, ఆ ఫోల్డర్ ఖాళీ చేసినా నష్టం లేదు. గోప్యతే ముఖ్యమైతే ముగ్గురికీ మూడు యూజర్ అకౌంట్లు ఇవ్వడమే సరైన దారి, జాబితాలు వాటంతటవే వేరవుతాయి.