అప్‌డేట్: మా మేనల్లుడి 'వికటకవి' సంఖ్య సంగతి

పోయిన వారం అడిగింది నేనే, కడప నుంచి. 12345678987654321 ప్రధాన సంఖ్యేనా అని మా మేనల్లుడు పట్టుకుంటే నాకు తోచక మీ మీదకు తోశాను. ఎటు నుంచి చదివినా ఒకటే కాబట్టి ఇంట్లో దానికి వికటకవి అని పేరు పెట్టాం.

కాదు. అంకెలన్నీ కూడితే 81, అంటే 9తో భాగం పోతుంది. ఈ ముక్క నాకే తట్టాల్సింది, సిగ్గేసింది.

అసలు మజా మీరు చెప్పిన రెండో మాటలో ఉంది. ఇది తొమ్మిది ఒకట్ల వర్గమట! ఫోన్ క్యాలిక్యులేటర్ చివరి అంకెలు మింగేసి మధ్యలో ఇంగ్లీషు 'E' అక్షరం చూపించింది. ఇక లాభం లేదని పాత క్యాలెండర్ కాగితం తిప్పి 111111111ని దానితోనే గుణించాం. తొమ్మిది వరుసలు, ఒక్కోటి ఒక్క గడి ఎడమకు జరుగుతూ మెట్లలా దిగాయి. కూడితే చివర్లో ఒక్క ఒకటి, పక్కన రెండు, అలా పెరిగి నడిమి నిలువులో సరిగ్గా తొమ్మిది. ఎక్కడా వెయ్యాల్సిన మిగులు లేదు. అందుకే అందం చెడలేదు.

"మామా, పది ఒకట్లు పెడితే?" అన్నాడు. పెట్టాం. నడుమ పది వచ్చి మిగులు ఎడమకు పాకింది: 1234567900987654321. వికటకవి గోవిందా! వాడి మొహం చూడాలి.

111111111ని విడగొడితే 3 × 3 × 37 × 333667. కాబట్టి మన సంఖ్యకు భాజకాలు 45. వర్గం కదా, బేసి సంఖ్యలోనే వస్తాయి.

ఇప్పుడు వాడు 1234567887654321 పట్టుకొచ్చాడు. ఇదీ వికటకవే, పైగా అంకెలు పదహారు, అంటే సరి లెక్క, కాబట్టి 11తో పోతుందని ఈసారి నేనే చెప్పేశాను.