62 వేల ట్యాబ్: మూలకు వెలుగు, పెన్ను గీతలు వంకర. ఏది లోపం, ఏది మామూలే?

హన్మకొండ_చౌరస్తా

పేరున్న కంపెనీ 11 అంగుళాల ట్యాబ్, ఎల్‌సీడీ తెర, పొడుగు వెడల్పుల లెక్క 16:10. పెన్ను, కీబోర్డ్ కవర్ కలిపి 62,000 అయింది. హన్మకొండల షాపుల తీసుకున్నం. పాప ఇంటర్ ఎంపీసీ, ఎప్‌సెట్ మెటీరియల్ అంత పీడీఎఫ్‌లే, వాటి మీదనే రాసుకోవాలె.

నల్ల తెర మీద కింద కుడి మూలకు తెల్లటి వెలుగు కనిపిస్తంది. పెన్నుతోని నిదానంగ ఏటవాలు గీత గీస్తే అలల లెక్క వస్తంది. చార్జింగ్ పెట్టి రాస్తే ఇంకా ఎక్కువ, వెనక మెటల్ ముట్టుకుంటే సన్నగ జుమ్మంటది. డబ్బా మీద 45 వాట్లు అని ఉంది గని చార్జర్ ఇయ్యలే, ఇంట్ల ఉన్న ఫోన్ చార్జర్‌తోని మూడు గంటలు దాటుతంది. సినిమాలు మసకగ వస్తున్నయి. కవర్ తీసి టేబుల్ మీద పెడితే ఊగుతది. కీబోర్డ్ మధ్యమధ్యల పనిచేస్తలేదు.

షాపాయన "అన్నీ నార్మలే, సర్వీస్ సెంటర్‌కు పోండి" అంటున్నడు. రిప్లేస్‌మెంట్ గడువు ఇంకా ఉంది. ఇండ్ల ఏది నిజంగ లోపం? దేని మీద గట్టిగ అడగాలె?

---

కాజీపేట_బెంచ్

అన్నా, అన్నీ కలిపి చెప్తే షాపాయన అన్నిటికీ కలిపి ఒకటే జవాబు చెప్తడు. విడదీసి పరీక్ష చేయండి.

ముందు మూల వెలుగు. రాత్రి లైట్లు ఆర్పి, పూర్తి నల్ల బొమ్మ తెర నిండా పెట్టి, బ్రైట్‌నెస్ సగానికి ఉంచి ఎదురుగా నిలబడి చూడండి. తల అటూ ఇటూ కదిపితే ఆ వెలుగు జరిగినా, తగ్గి పెరిగినా అది ఐపీఎస్ (ఎల్‌సీడీలో ఒక రకం) తెరల స్వభావం, ఎవరూ మార్చరు. ఎటు నుంచి చూసినా అదే అంచున అతుక్కుని ఉంటే బ్యాక్‌లైట్ లీకేజీ, అంటే తెర వెనక దీపాల వెలుగు అంచు నుంచి బయటికి రావడం. ఫ్రేమ్ తెరను ఒకచోట నొక్కుతున్నా, జిగురు సరిగా పట్టకపోయినా అట్లా వస్తుంది. ఫొటో తీసేటప్పుడు ఫోన్ కెమెరా ఎక్స్‌పోజర్ లాక్ చేసి కంటికి కనిపించినంత వెలుగే వచ్చేట్టు తగ్గించండి. లేకపోతే కెమెరా దాన్ని పెంచి చూపిస్తుంది, సర్వీస్ వాళ్లు ఆ ఫొటోను పక్కన పెడతారు.

ఊగడం మాత్రం తేలిగ్గా తీసుకోకండి, ఫ్రేమ్ వంగి ఉండొచ్చు. అయితే వెనక కెమెరా ఉబ్బు వల్ల ఏ ట్యాబ్ అయినా కొంత ఊగుతుంది, కాబట్టి టేబుల్ పరీక్ష లెక్కలోకి రాదు. 30 సెంటీమీటర్ల స్టీల్ స్కేలు తీసుకుని, తెర మీద రుద్దకుండా, పొడవు అంచు వెంట నిలువుగా ఆనించండి. తర్వాత రెండు మూలల మధ్య ఐమూలగా. వెనక నుంచి టార్చ్ వేస్తే సందు కనిపిస్తుంది. ఆ సందులోకి మామూలు ఏ4 జిరాక్స్ కాగితం ముక్కలు ఒక్కొక్కటే దూర్చండి, ఒక్కో కాగితం సుమారు 0.1 మిల్లీమీటరు. 2018 ఐప్యాడ్ ప్రో వంగి వస్తోందన్న గొడవ వచ్చినప్పుడు ఆపిల్ తన హద్దు 400 మైక్రాన్లని చెప్పింది, అంటే నాలుగు కాగితాలంత. మీ కంపెనీ హద్దు అదే కానక్కర్లేదు, కానీ నాలుగు దాటితే మాట్లాడటానికి మీ చేతిలో ఒక కొలత ఉంటుంది. స్కేలే వంకర కాదని తేల్చుకోవడానికి రెండో అంచు తిప్పి మళ్లీ కొలవండి.

వంగిన చోటే వెలుగు కూడా ఉంటే రెండింటి మూలం ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ.

---

ఏకశిల_సర్క్యూట్

పెన్ను, చార్జింగ్ గురించి నేను చెప్తా. ఇవి రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నయి.

రెండు పిన్నుల చార్జర్‌కు ఎర్త్ ఉండదు. లోపల కరెంటు వైపుకూ, మనకొచ్చే డీసీ వైపుకూ మధ్య వై-కెపాసిటర్ అని ఒకటి ఉంటది. దాన్నుంచి అతి కొద్ది కరెంటు మెటల్ బాడీకి చేరుతది, జుమ్మనేది అదే. అసలు చార్జర్‌లో అది ప్రమాదం కాని హద్దులోనే ఉంటది. నకిలీ చార్జర్‌లో ఆ కెపాసిటర్ ఎసొంటిదో నమ్మకం లేదు కాబట్టి, బజార్ల కొన్నదైతే ఇయ్యాల్నే పక్కన పడేయండి. ఆ అలజడే టచ్ సెన్సర్‌కూ చేరి గీతలను చెడగొడతది.

పరీక్ష ఇట్ల చేయండి. తెర మీద స్కేలు పెట్టి 45 డిగ్రీల వాలులో, సెంటీమీటరు ఎడంతో పది గీతలు బాగా నిదానంగా గీయండి. మొదట చార్జర్ పెట్టి, తర్వాత తీసేసి, తర్వాత పవర్‌బ్యాంక్‌కు పెట్టి. పవర్‌బ్యాంక్‌తో గీతలు బాగుంటే తప్పు చార్జర్‌ది. మూడింటిలోనూ అలలుంటే తెర మీది టెంపర్డ్ గ్లాస్ తీసి మళ్లీ గీయండి, మందం గ్లాస్ పెన్ను సంకేతాన్ని బలహీనం చేస్తది. పెన్ను ములుకు వదులుగ ఉన్నా గీత తెగుతది, గట్టిగ బిగించండి. ఇవన్నీ అయినంక మిగిలే సన్నటి అల, ఒకే ఎడంతో వచ్చేది, సెన్సర్ గళ్ల మధ్య స్థానాన్ని లెక్కగట్టే పద్ధతి వల్ల వస్తది. అది ఆ మోడల్ గుణం, యూనిట్ మార్చినా అట్లనే ఉంటది. షాపులో డెమో పీసు మీద గీసి చూస్తే తేలిపోతది.

ఇగ 45 వాట్లు. మీ ట్యాబ్ బ్యాటరీ 10,000 ఎంఏహెచ్ అనుకుంటే, 3.85 వోల్టుల లెక్కన 38.5 వాట్-అవర్లు. 15 వాట్ల చార్జర్‌తో నష్టాలు కలిపి మూడు గంటలు దాటుడు లెక్క ప్రకారం సరైందే. 45 వాట్లు కావాలంటే కంపెనీ చెప్పిన పద్ధతే చార్జర్‌లో ఉండాలె. చాలావాటికి అది పీడీ (యూఎస్‌బీ పవర్ డెలివరీ)తో పాటు పీపీఎస్, అంటే ట్యాబ్ అడిగినట్టు వోల్టేజీని కొద్దికొద్దిగ మార్చే పద్ధతి. 10 వోల్టులు, 4.5 ఆంపియర్లుగా తీసుకునేవాటికి కేబుల్ కూడా 5 ఆంపియర్లది, ఈ-మార్కర్ చిప్ (కేబుల్ ఎంత కరెంటు మోస్తదో చెప్పేది) ఉన్నది కావాలె. మామూలు సీ-టు-సీ కేబుల్ 3 ఆంపియర్ల దగ్గర ఆగిపోతది. ఇంకోటి, మన దగ్గర మే ఎండల్లో ఫ్యాన్ కింద పెట్టినా బాడీ వేడెక్కితే ట్యాబే కరెంటు తగ్గించుకుంటది. దాన్ని లోపం అనలేం.

ఇంత ధర పెట్టి చార్జర్ ఇయ్యకపోవుడు మాత్రం నాకు సుతం అన్యాయంగనే అనిపిస్తది. కొనేటప్పుడే 5 ఆంపియర్ల కేబుల్, చార్జర్ ధర కలిపి లెక్కేసుకోవాలె.

---

భద్రకాళి_బండ్

మసక సినిమా సంగతి చిన్నదే. డీఆర్‌ఎం ఇన్ఫో యాప్ వేసి వైడ్‌వైన్ (సినిమాలు కాపీ కాకుండా కాపాడే తాళం) లెవెల్ చూడండి. ఎల్3 చూపిస్తే ఓటీటీలు చాలావరకు 480పీ దగ్గరే, అంటే తక్కువ స్పష్టత దగ్గరే ఆపేస్తాయి, అంత ధర ట్యాబ్‌కు అది ఒప్పుకోదగ్గది కాదు. పై లెవెల్ ఎల్1 ఉండి కూడా మసకంటే మీ ప్లాన్ చూడండి. నెట్‌ఫ్లిక్స్ 149 రూపాయల మొబైల్ ప్లాన్ ట్యాబ్‌లోనూ 480పీయే ఇస్తుంది.

కీబోర్డ్ అంటుకునే చోట ఉండే ఇత్తడి రంగు చుక్కలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో తుడిచి, ఆరాక పెట్టండి. అయినా ఆగుతుంటే వెంటనే కంప్లయింట్ రాయించండి. యాక్సెసరీలకు వారంటీ చాలాచోట్ల 6 నెలలే.

పాప చదువు కోసం అన్నారు కాబట్టి ఇంకో మాట. 11 అంగుళాల 16:10 తెర వెడల్పు సుమారు 14.8 సెంటీమీటర్లు. ఏ4 పేజీ నిలువుగా పెడితే ఏ5 సైజుకు, అంటే 70 శాతానికి తగ్గుతుంది. ఇంటిగ్రేషన్ లెక్కల పక్కన చిన్న అక్షరాలతో రాయడం కష్టం. 12.9 అంగుళాల 4:3 తెర మీద అదే పేజీ 88 శాతం దాకా వస్తుంది. డబ్బు వెనక్కి వచ్చే దారి దొరికితే ఈ సంగతి చూసుకునే తర్వాతిది కొనండి. "8+8 జీబీ ర్యామ్" అన్నదానికి అదనంగా రూపాయి కూడా పెట్టకండి, రెండో 8 స్టోరేజీ నుంచి తీసిందే.

---

హన్మకొండ_చౌరస్తా

అందరికీ థ్యాంక్స్. పవర్‌బ్యాంక్‌తోని గీతలు మంచిగనే వచ్చినయి. వైడ్‌వైన్ ఎల్1, ప్లాన్ మొబైల్‌దే. తుడిచినంక కీబోర్డ్ పనిచేస్తంది. వెలుగు మాత్రం కదుల్తలేదు, ఆ మూల దిక్కు పొడవు అంచు మీద స్కేలు కింద ఐదు కాగితాలు దూరినయి, రెండో అంచుతోని గూడ అంతే.

---

కాజీపేట_బెంచ్

అయితే ఆ రెండే రాయండి: ఫ్రేమ్ వంపు, అక్కడే బ్యాక్‌లైట్ లీకేజీ. చార్జింగ్, గీతల మాట ఎత్తకండి. "మీరే వంచారు" అనడం సర్వీస్ వాళ్ల మొదటి మాట. అందుకే నాలుగు మూలలు, అంచులు దగ్గరగా ఫొటోలు తీయండి, సొట్ట గానీ గీత గానీ లేదని కనిపించాలి. బిల్లు, డబ్బా మీది సీరియల్ నంబర్, స్కేలు ఫొటో జతచేసి షాపుకూ కంపెనీకీ ఈరోజే మెయిల్ పెట్టండి, గడువు లోపల అడిగినట్టు తేదీ పడుతుంది. జాబ్ షీట్ మీద "వంపు" అన్న మాట రాయించుకోకుండా ట్యాబ్ ఇవ్వొద్దు. తెర మారుస్తామంటే ఒప్పుకోకండి, వంగిన ఫ్రేమ్‌లో కొత్త తెర పెట్టినా అదే చోట నొక్కుతుంది.

కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటే వేయొచ్చు, 5 లక్షల లోపు ఫీజు లేదు, రెండేళ్ల వరకు గడువు, వకీలు తప్పనిసరి కాదు. షాపును, కంపెనీని ఇద్దరినీ చేర్చండి.

మార్చడానికి ఒప్పుకుంటే పాత దాంట్లోంచి ముందుగా గూగుల్ అకౌంట్ తీసి రీసెట్ చేయండి. కొత్తది కౌంటర్ మీదే తెరిపించి, ఇంటి నుంచి తీసుకెళ్లిన స్కేలుతో కొలిచి, నల్ల బొమ్మ పెట్టి చేతులు అడ్డం పట్టి మూలలు చూసి, బిల్లు మీద కొత్త సీరియల్ నంబర్ వేయించుకుని తీసుకోండి.