30 వేలలో డాక్ ముందా, స్పీకర్లు ముందా? (హన్మకొండ, 12×10 గది)

హన్మకొండ_శ్రోత:
గది 12×10 అడుగులు, పైకప్పు 10 అడుగుల ఎత్తు, కింద గ్రానైట్. విండోస్ 11 ల్యాప్‌టాప్, ఎక్కువగా ఫ్లాక్ ఫైళ్లు (నాణ్యత పోకుండా కుదించిన పాటలు), కొంత యూట్యూబ్. చేతిలో 30 వేలు. 18 వేలు డాక్‌కు (DAC, కంప్యూటర్ అంకెలను శబ్ద సంకేతంగా మార్చే పెట్టె) పెట్టి మిగిలిన దాంతో స్పీకర్లు తీసుకోమని దుకాణంలో సలహా. ఆ లెక్క సరైనదేనా?

ఓరుగల్లు_బాస్:
ఉల్టా లెక్క అది. 25 వేలు స్పీకర్లకే పోవాలె. 5 అంగుళాల ఊఫరున్న పవర్డ్ మానిటర్ల (ఆంప్లిఫయర్ లోపలనే ఉండే స్పీకర్లు) జత తీస్కుంటే ఆంప్లిఫయర్ వేరే కొనే పని లేదు. డాక్‌కు 3 వేలు చాలు.

సీటు దగ్గర గట్టి శబ్దం 95 డెసిబెల్ అనుకుందాం. మామూలు డాక్ రొద దానికి ఇంకో 95 కింద ఉంటే, అది సున్నా దగ్గర పడ్డట్టే. నెత్తిమీది ఫ్యాన్ ఒక్కటే 45 దాకా చేస్తది. మే నెలల ఫ్యాన్ బంద్ పెట్టి ఎవరు వింటరు? 18 వేల డాక్ ఆ రొదను ఇంకో 20 కిందికి దింపితే ఏం ఫాయిదా?

కాజీపేట_44.1:
రొద అంకె ఒక్కటే పట్టుకుంటే ఎలా అన్నా? అసలు చిక్కు విండోస్ మిక్సర్, అంటే అన్ని ప్రోగ్రాంల శబ్దాన్ని కలిపి పంపే భాగం. సీడీ పాట సెకనుకు 44,100 శాంపిళ్లది (శబ్దాన్ని కొలిచిన అంకెలు). సౌండ్ సెట్టింగ్‌లో 48,000 ఉంటే విండోస్ వాటన్నిటినీ మళ్లీ లెక్కగట్టి పంపుతుంది. ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ప్రిఫరెన్సెస్, ఔట్‌పుట్‌లోకి వెళ్లి డాక్ పేరు పక్కన ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నదాన్ని ఎంచుకుని, బిట్లు 24 పెడితే మిక్సర్ దారిలోనే ఉండదు. వాల్యూమ్ ప్లేయర్‌లో తగ్గించినా భయం లేదు. 16 బిట్ల పాటకు కింద 8 బిట్లు ఖాళీ కాబట్టి 48 డెసిబెల్ తగ్గించే దాకా పాటలో ఏమీ రాలిపోదు.

18 వేలు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ 3 వేల డాక్ వద్దు. 10 వేల లోపు, బ్యాలెన్స్‌డ్ ఔట్‌పుట్ (సంకేతాన్ని రెండు తీగల మీద పంపేది) ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకోండి, డాక్ పని అదే చేస్తుంది.

గోదావరిఖని_ఎర్త్:
కాజీపేట తమ్మి చెప్పిన వస్తువు కరెక్టే, కారణం వేరే. మిక్సర్ చేసే పాపం చెవికి దొరకది. గుయ్యిమనే హమ్ అట్ల కాదు, పక్క రూముల గూడ వినవడ్తది.

మూడు పిన్నుల చార్జర్ ల్యాప్‌టాప్‌కు, మూడు పిన్నుల ప్లగ్గు స్పీకర్లకు ఉంటే ఎర్త్‌కు రెండు తొవ్వలైతయి. ఆ లూపుల కరెంటు ఆర్‌సీఏ వైరు (మామూలు ఆడియో వైరు) షీల్డ్ మీదికెళ్లి పారుతది, 50 హెర్ట్జ్, దాని రెట్టింపులు వినిపిస్తయి. చార్జర్ పీకి చూడుండ్రి. హమ్ ఆగిందా, లూపే. ఎంత పెద్ద యూఎస్‌బీ డాక్ కొన్నా యూఎస్‌బీ వైరుల గ్రౌండ్ తీగ ఉండనే ఉంటది, లూపు తెగది. ఆప్టికల్ వైరైతే తెంపుతది. బ్యాలెన్స్‌డ్ వైరు తెంపది గని, హమ్ రెండు తీగల మీద ఒక్క తీరుగనే ఎక్కుతది కాబట్టి స్పీకరు దాన్ని కొట్టేస్తది.

అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టుండ్రి. ఎర్త్ పిన్ను తీసెయ్యమని ఎవరు చెప్పినా వినొద్దు, ప్రాణం మీదికొస్తది. మీటరు పెట్టి న్యూట్రల్‌కు, ఎర్త్‌కు నడుమ చూస్తే 2, 3 వోల్టులు దాటొద్దు. దాటితే ఎర్త్ గుంత ఎండిందేమో చూడాలె, ఎండకాలం దాంట్ల నీళ్లు పోస్తుండాలె. ఇగ స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపితే ఏ డాకూ కాపాడది.

ఓరుగల్లు_బాస్:
బ్యాలెన్స్‌డ్‌కు ఒప్పుకుంటున్న. 21 స్పీకర్లకు, 9 ఇంటర్‌ఫేస్‌కు. గని ఇద్దరూ గదిని మర్చిపోయిండ్రు.

12 అడుగులంటే 3.66 మీటర్లు. ధ్వని వేగం 343ను దాని రెట్టింపుతో భాగిస్తే 47 హెర్ట్జ్. 10 అడుగులకు 56. వెడల్పు, ఎత్తు రెండూ 10 కాబట్టి 56 మీద రెండు మోడ్‌లు (గది తనంత తాను మోగే స్వరాలు) ఒక్కకాడనే పడ్డయి. బేస్ గిటార్ ఆ స్వరం మీదికి రాంగనే గదంతా కుండల ఊదినట్టు అయితది.

గోడకు కొత్తవాడ జంపఖానా కట్టమనేటోళ్లు వస్తరు. వరంగల్ జంపఖానాకు 2018ల జీఐ (ఊరి పేరు మీది సరుకుకిచ్చే) గుర్తింపు వచ్చింది, మంచి సరుకు. గ్రానైట్ మీద పరిస్తే చప్పట్ల మోత తగ్గుతది. బేస్‌కు మాత్రం పనికిరాదు. 50 హెర్ట్జ్ అలల నాలుగో వంతే 1.7 మీటర్లు, 4 అంగుళాల రాక్‌వూల్ (శబ్దం పీల్చే రాతి ఉన్ని) గూడ అక్కడ చేతులెత్తేస్తది.

సీటు గది పొడుగుకు నడిమిట్ల పెట్టొద్దు, అక్కడ 47 హెర్ట్జ్ మాయమైతది. ముందు గోడకెళ్లి ఏడున్నర అడుగుల దగ్గర మొదలువెట్టి అటూ ఇటూ జరిపి చూడుండ్రి. తర్వాత రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ప్రోగ్రాంతో మైకు పెట్టి గదిని కొలిచి, విండోస్ శబ్దాన్ని సరిదిద్దే ఈక్వలైజర్ ఏపీఓ ప్రోగ్రాంల 200 హెర్ట్జ్ కింద లేచిన గుట్టలను కొయ్యాలె. గుంతలు నింపొద్దు. 10 డెసిబెల్ నింపాల్నంటే పదింతల పవర్ కావాలె, అయినా గుంత నిండది, ఊఫర్ కొట్టుకుంటది. మరీ సన్నటి ఫిల్టర్లు గూడ వద్దు. 40 డిగ్రీల ఎండల ధ్వని వేగం 355 అయితది, జనవరిల కొలిచిన 56 మే నెలకు 58కి జరుగుతది.

కాజీపేట_44.1:
ఒక్క మెలిక. ఈక్వలైజర్ ఏపీఓ నడిచేది విండోస్ మిక్సర్ దారిలోనే. ఎక్స్‌క్లూజివ్ గానీ ఏఎస్ఐఓ (మిక్సర్‌ను దాటించే ఇంకో దారి) గానీ పెట్టగానే అది పక్కకు తప్పుకుంటుంది. ఫిల్టర్లు పెట్టేసి, ఎక్స్‌క్లూజివ్‌లో వింటూ, గది బాగుపడిందని మురిసిపోయేవాళ్లు తక్కువేం లేరు. రెండూ కావాలంటే విజార్డ్‌లోని ఫిల్టర్లను ఇంపల్స్ వేవ్ ఫైలుగా తీసి ఫూబార్‌లోని కన్వాల్వర్‌కు (ఆ ఫైలును పాటకు వర్తింపజేసే భాగం) ఇవ్వాలి. 44,100కు ఒకటి, 48,000కు ఒకటి విడివిడిగా తీయాలి.

ఓరుగల్లు_బాస్:
మరి యూట్యూబ్ సంగతి? కన్వాల్వర్ ఫూబార్ ఒక్కదానికే, ఏపీఓ అన్నిటికీ. 12 డెసిబెల్ గుట్టను కొయ్యడం ముందట రీశాంప్లింగ్ ఎంత తమ్మీ? ఫార్మాట్ 44,100 పెట్టి షేర్డ్ మోడ్‌లనే (మిక్సర్ దారిలనే) వినొచ్చు. ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ మాత్రం బంద్ పెట్టొద్దు, వాటితోపాటు ఏపీఓ గూడ బంద్ అయితది.

కాజీపేట_44.1:
యూట్యూబ్‌కు మీ దారి, ఫ్లాక్‌కు నా దారి. అంతకు మించి దిగను.

హన్మకొండ_శ్రోత:
21, 9 లెక్క ఖాయం. ఫ్లాక్ ఫైళ్లు అసలువో కావో ఎలా తేల్చాలి?

కాజీపేట_44.1:
స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరవండి. సీడీ నుంచి తీసింది సాధారణంగా 22 కిలోహెర్ట్జ్ దాకా కనిపిస్తుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చినదైతే 16 దగ్గర, 320 అయితే 20 దగ్గర కత్తితో కోసినట్టు ఆగుతుంది. ఘంటసాల కాలం నాటి మోనో పాటలకు మాత్రం తొందరపడొద్దు. వాటి రికార్డింగులోనే పై స్వరాలు తక్కువ. మెల్లగా వాలిపోతే పాత టేపు, గోడలా తెగితే ఎంపీ3.