ల్యాప్‌టాప్ చెడిపోతోంది: షాపుకి ఇచ్చే ముందు ఏమేం చేయాలి?

సిరిపురం_21:
ఐదేళ్ల ల్యాప్‌టాప్, 15.6 అంగుళాల స్క్రీన్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 11. ఆన్ అవ్వడానికి పావుగంట పడుతోంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతమే. అప్పుడప్పుడు టిక్ టిక్ శబ్దం. ఆన్ చేసిన ప్రతిసారీ చెక్‌డిస్క్ (విండోస్ వాళ్ల డిస్క్ తనిఖీ) దానంతటదే మొదలవుతోంది. మూత కాస్త వెనక్కి వంచితే స్క్రీన్ నల్లబడుతోంది. టచ్‌ప్యాడ్ కూడా సరిగా నొక్కుకోవడం లేదు. రిపేరుకి ఇచ్చేలోపు ఇంట్లో ఏం చేసుకోవాలి?

కీబోర్డు_కాకినాడ:
ముందు ఆ చెక్‌డిస్క్‌ని ఆపండి. ఆన్ అయ్యేటప్పుడు సెకన్లు లెక్కపెడుతూ అడుగుతుంది కదా, ఆ లోపు ఏదో ఒక కీ నొక్కితే వదిలేస్తుంది. పోతున్న డిస్క్ మీద చెక్‌డిస్క్ నడపడం చాలా ప్రమాదం. అది ఫైల్ సిస్టమ్‌ని (ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టికని) సరిచేసే పనిముట్టే గానీ డేటాని కాపాడేది కాదు. చదవలేని చోట ఫోల్డర్ల లింకులు తెంచేసి, ముక్కల్ని ఫౌండ్.000 అనే ఫోల్డర్‌లో పడేస్తుంది. ఆ తర్వాత ఏ ఫొటో ఏదో తెలియదు.

డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ పెట్టి 05, సీ5, సీ6 (చెడిన చోట్ల లెక్క చెప్పే వరసలు) వరసల్లో రా వాల్యూస్, అంటే అసలు అంకెలు, ఎంతున్నాయో చెప్పండి.

సిరిపురం_21:
05 దగ్గర 28, సీ5 దగ్గర బీ8, సీ6 దగ్గర కూడా బీ8. పైన పసుపు రంగులో 'కాషన్' అని ఉంది.

సెక్టార్_సాయం:
ఆ అంకెలు హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో) ఉన్నాయండీ. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్, అక్కడ 10 డెసిమల్ ఎంచుకుంటే మామూలు అంకెలు వస్తాయి. మీ 28 అంటే 40, బీ8 అంటే 184. అంటే 40 సెక్టార్లు (డిస్క్‌లో డేటా ఉండే చిన్న గళ్లు) ఇప్పటికే పోయి వాటి బదులు స్పేర్‌వి వాడుకుంది, ఇంకో 184 చదవలేక పక్కన పెట్టింది. విండోస్ తప్పేమీ లేదు, డిస్కే పోతోంది. ఫార్మాట్ చేస్తే బాగవుతుందని ఎవరైనా అంటే వినకండి.

ఫైళ్లు తక్కువైతే ముఖ్యమైన ఫోల్డర్లు మాత్రం ముందు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి తీసుకోండి. మొత్తం కావాలంటే మామూలు కాపీ పనికిరాదు. చెడ్డ సెక్టార్ దగ్గర డిస్క్ పదేపదే ప్రయత్నిస్తూ అక్కడే చిక్కుకుపోతుంది. ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లినక్స్) బూట్ చేసి డీడీరెస్క్యూ వాడండి, అది చెడ్డ డిస్క్ మొత్తాన్ని ఒక ఫైల్‌గా, అంటే ఇమేజ్‌గా, నకలు తీస్తుంది. మొదటి విడత 'ఎన్' ఆప్షన్‌తో నడిపితే సులువుగా వచ్చేదంతా ముందు వచ్చేస్తుంది. రెండో విడతలో 'ఆర్3' ఇస్తే మిగిలిన చెడ్డచోట్ల మూడుసార్లు ప్రయత్నిస్తుంది. రెండిటికీ ఒకే మ్యాప్ ఫైల్ (ఎంతవరకు అయిందో రాసుకునే ఫైల్) ఇవ్వాలి, మధ్యలో ఆగినా ఎక్కడ ఆగిందో అక్కడినుంచే అందుకుంటుంది.

ఇమేజ్ పెట్టే డ్రైవ్‌లో 1 టీబీ కన్నా ఎక్కువ ఖాళీ ఉండాలి, దాని ఫార్మాట్ ఫ్యాట్32 కాకూడదు, అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ఏది మూలం, ఏది గమ్యం అన్నది సైజు, మోడల్ చూసి రెండుసార్లు సరిచూసుకోండి. తారుమారైతే మీ డేటా మీదే రాసేస్తుంది.

టిక్ టిక్ ఆగకుండా వస్తూ బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్ తెరలో) డిస్క్ కనబడకపోతే మాత్రం వెంటనే ఆపేయండి. హెడ్ (డేటా చదివే ముల్లు) దెబ్బతిన్న డిస్క్ తిరిగినకొద్దీ ప్లాటర్ (డేటా ఉండే పళ్లెం) గీసుకుపోతుంది. అక్కడినుంచి అది డేటా రికవరీ ల్యాబ్ పని.

కీబోర్డు_కాకినాడ:
దానికన్నా ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) కీ రాసుకోవాలి. విండోస్ 11 హోమ్‌లో కూడా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ చెప్పకుండానే ఆన్ అయి ఉంటుంది. అప్పుడు మీరు తీసిన ఇమేజ్ కూడా తాళం వేసే ఉంటుంది. బయోస్ సెట్టింగ్ మార్చినా, మదర్‌బోర్డు మార్చినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో డివైసెస్ కింద దొరుకుతుంది. కాగితం మీద రాసుకోండి, అదే ల్యాప్‌టాప్‌లో దాచితే లాభం లేదు.

తెర_వెనుక:
మిగతా రెండు సంగతులు. మూత వంచితేనే నల్లబడుతోందంటే ప్యానెల్ కన్నా హింజ్ (మూత మడత) దగ్గర నలిగిన డిస్‌ప్లే కేబుల్ మీదే ఎక్కువ అనుమానం. నల్లబడినప్పుడు టార్చ్ ఏటవాలుగా కొట్టి చూడండి. బొమ్మ మసకగా కనిపిస్తే బ్యాక్‌లైట్‌కి కరెంటు అందట్లేదు. హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపితే అక్కడ బొమ్మ మామూలుగా ఉంటే గ్రాఫిక్స్ బాగున్నట్టే. షాపులో 'స్క్రీన్ పోయింది' అనకండి, 'ఈ కోణంలో నల్లబడుతోంది, కేబుల్ చూడండి' అనండి. కేబుల్ ఖర్చు ప్యానెల్ ఖర్చులో చిన్న వంతు. ప్యానెలే మార్చాల్సివస్తే వెనక స్టిక్కర్ మీది పార్ట్ నంబర్, 30 పిన్నా 40 పిన్నా అన్నది చూసి తెప్పించాలి. సైజు ఒక్కటి చూసి కొంటే కనెక్టర్ కుదరదు.

టచ్‌ప్యాడ్ మాట నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. బల్ల మీద పెట్టి చూడండి, కింది మూత ఉబ్బి ల్యాప్‌టాప్ ఊగుతోందా?

సిరిపురం_21:
అవును, కొద్దిగా ఊగుతోంది. టచ్‌ప్యాడ్ ఒక మూల పైకి లేచింది.

తెర_వెనుక:
బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగ్ ఇప్పుడే ఆపండి. టచ్‌ప్యాడ్‌ని నొక్కి సరిచేయకండి, కింద ఉన్నది లిథియం సెల్. ఆఫ్ చేసి, కింది మూత మరలు పీహెచ్0 (చిన్న ప్లస్ ఆకారం) స్క్రూడ్రైవర్‌తో విప్పి, అన్నిటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. జిగురుతో అంటుకుని ఉంటే ఇనుప పనిముట్టుతో పెకలించొద్దు, అది షాపుకి వదిలేయండి. కొరియర్‌లో పంపొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

సెక్టార్_సాయం:
అలాగైతే ఇమేజ్ ఆ ల్యాప్‌టాప్‌లో తీయొద్దు. డిస్క్ బయటకు తీసి, సాటా-యూఎస్‌బీ కేబుల్‌తో (హార్డ్ డిస్క్‌ని యూఎస్‌బీకి తగిలించేది) వేరే కంప్యూటర్‌కి కలిపి తీయండి. గంటల తరబడి నడిచే పని, మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్ ఉంటే మంచిది.

పార్క్‌లేన్_పార్ట్స్:
డిస్క్ తీసేశారు కాబట్టి ల్యాప్‌టాప్‌ని డిస్క్ లేకుండానే ఇవ్వండి. స్క్రీన్, బ్యాటరీ పనికి మీ డేటా వాళ్లకి అక్కర్లేదు, బయోస్ స్క్రీన్‌లోనే పరీక్షించొచ్చు. బయోస్ పాస్‌వర్డ్ ఉంటే తీసేయండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, మౌస్ డాంగిల్, మెమరీ కార్డు పీకి ఉంచుకోండి.

జాబ్ షీట్‌లో (షాపువాళ్లు రాసిచ్చే రిపేరు రసీదులో) సీరియల్ నంబర్, ర్యామ్ ఎన్ని జీబీ, ఎన్ని స్టిక్కులు, 'హార్డ్ డిస్క్ లేదు' అని రాయించాలి. ఛార్జర్ ఇస్తే దాని వాట్లు కూడా. ఉన్న గీతలు, విరిగిన మూలలు ఫొటో తీసుకోండి. పాత విడిభాగాలు తిరిగివ్వాలని ముందే చెప్పండి. మేం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు తిరిగేవాళ్లం, అక్కడైనా విశాఖలో అయినా పద్ధతి ఇదే: నోటిమాట కాదు, రసీదు మీద రాత.

సిరిపురం_21:
కొత్తగా ఎస్ఎస్‌డీ వేయిస్తే విండోస్ మళ్లీ కొనాలా?

కీబోర్డు_కాకినాడ:
అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. అదే ఎడిషన్ ఇన్‌స్టాల్ చేసి నెట్‌కి కలిపితే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఎం.2 స్లాట్ (చిన్న కార్డులాంటి ఎస్ఎస్‌డీ పెట్టే చోటు) ఉంటే అది ఎన్‌వీఎంఈ (వేగవంతమైన రకం) తీసుకుంటుందా, సాటా మాత్రమేనా అని మోడల్ మాన్యువల్‌లో చూసి కొనండి. స్లాట్ లేకపోతే పాత డిస్క్ చోటులోనే 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ సరిపోతుంది.