గెఫిటినిబ్ మొదలుపెట్టాక ముఖంపై చీముపొక్కులు: మాత్ర ఆపాలా?

ప్రశ్న: మా నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్. పరీక్షలో ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యుమార్పు ఉన్నట్టు తేలడంతో డాక్టరు గారు రోజుకు 250 మిల్లీగ్రాముల గెఫిటినిబ్ మాత్ర రాశారు. రెండో వారానికే ముక్కు చుట్టూ, నుదుటిమీద, ఛాతీమీద ఎర్రని చీముపొక్కులు లేచి దురద పెడుతున్నాయి. మందు పడలేదని, వెంటనే ఆపేయమని బంధువులు ఒత్తిడి చేస్తున్నారు. ఆపాలా? మొటిమల క్రీము రాయవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1: నేను చర్మవ్యాధుల వైద్యురాలిని. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది ఎలర్జీలా లేదు. క్యాన్సర్ కణం ఏ ప్రోటీన్ (ఈజీఎఫ్ఆర్) ఆసరాతో పెరుగుతుందో, చర్మపు అడుగుపొరకూ రోమకూపాలకూ అదే కావాలి కాబట్టి, మందు దాన్ని అడ్డుకున్నప్పుడు చర్మం కూడా దెబ్బతింటుంది. చూడడానికి మొటిమల్లా ఉన్నా ఇవి మొటిమలు కావు. బెంజాయిల్ పెరాక్సైడ్, రెటినాయిడ్ క్రీములు చర్మాన్ని మరింత ఎండబెడతాయి కనుక రాయకండి. సువాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ వాడుతూ, హైడ్రోకార్టిసోన్ క్రీము, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ అవసరమా అని మీ డాక్టరునే అడగండి. ఇదే ప్రోటీన్‌ను అడ్డుకునే పానిటుముమాబ్ అనే మరో క్యాన్సర్ మందుపై 2010లో వెలువడిన అధ్యయనంలో, ఇలాంటి సంరక్షణను ముందుగానే మొదలుపెట్టినవారిలో 29 శాతం మందికి, పొక్కులు వచ్చాక మొదలుపెట్టినవారిలో 62 శాతం మందికి ఒక మోస్తరు లేదా తీవ్రమైన చర్మ సమస్యలు వచ్చాయి. సొంతంగా మాత్ర ఆపవద్దు. కొన్నాళ్లు ఆపాలో, మోతాదు మార్చాలో చికిత్స చేస్తున్న డాక్టరే నిర్ణయించాలి. అయితే జ్వరం వచ్చినా, నోట్లో పుండ్లు పడినా, చర్మం పొరలుగా ఊడినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సమాధానం 2: మా అమ్మగారు గెఫిటినిబ్ లాంటిదే అయిన ఎర్లోటినిబ్ వాడుతున్నారు. పొక్కులు తగ్గుముఖం పట్టాక కాలి బొటనవేళ్లకు గోరుచుట్టు లేచి, చెప్పులో కాలు పెట్టలేకపోయారు. ఆ తర్వాత కనురెప్పల వెంట్రుకలు పొడవుగా పెరిగి, వంకర తిరిగి కంట్లో గుచ్చుకోసాగాయి. వాటిని ఇంట్లో పీకవద్దని కంటి డాక్టరు గట్టిగా చెప్పి, తానే కత్తిరించారు. నాన్నగారి గోళ్లు మరీ లోతుగా కత్తిరించకండి, వదులైన చెప్పులు వేయించండి, కళ్లు ఎర్రబడితే ఆలస్యం చేయకండి.

సమాధానం 3: మందును బట్టి చర్మంలో వచ్చే మార్పూ వేరుగా ఉంటుంది. రక్త క్యాన్సర్‌కు నేను వాడే ఇమాటినిబ్ వల్ల ఒంటి రంగు తేలింది. సోరాఫెనిబ్ అనే మరో క్యాన్సర్ మందు వాడే మిత్రుడికి అరికాళ్లలో ఒత్తిడి పడేచోట చర్మం మందంగా, నొప్పిగా తయారైంది. నాన్నగారి పొక్కులకు వెలుతురులో రోజూ ఫోటో తీసి తేదీ రాసి ఉంచండి. డాక్టరు చూసే రోజుకు పొక్కులు తగ్గినా, ఎంత తీవ్రంగా వచ్చాయో ఆ ఫోటోలు చూపించి చెప్పవచ్చు.